108 వాళ్ళు ఇంట్లోనే పావుగంట ఎందుకు ఆగారు? బండిలో పనిచేసేవాడి సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ నాన్నగారికి 66 ఏళ్ళు, చాలాకాలంగా షుగర్ ఉంది. మొన్న పొద్దున్నే మాట తడబడింది, ఒళ్ళంతా చెమటలు, ఎవరినీ గుర్తుపట్టడం లేదు, కుడి చెయ్యి సరిగా లేవడం లేదు. పక్షవాతం అనుకుని 108కి ఫోన్ చేశారు. వచ్చినవాళ్ళు స్ట్రెచర్ కూడా దించకుండా వేలికి సూది గుచ్చి షుగర్ చూశారు, చేతి నరంలో క్యానులా (మందు ఎక్కించే సన్నటి గొట్టం) పెట్టి ఏదో ఎక్కించారు, పావుగంట ఇంట్లోనే ఉన్నారు. మీ మామయ్యగారు గొడవపెట్టుకున్నారు. డాక్టర్లు కానివాళ్ళు ఇంట్లో ఇంజెక్షన్లు చేయడమేమిటి, నేరుగా ఆసుపత్రికి తీసుకుపోవాలి కదా, అసలు వచ్చీరాగానే ఏమైందో వీళ్ళకి ఎలా తెలుస్తుంది, అని మీరు అడుగుతున్నారు.

సూటిగా చెప్తాను. మీ నాన్నగారి విషయంలో ఆగడమే సరైన పని. షుగర్ 38 ఉందని మీరే రాశారు, అంటే బాగా పడిపోయింది. ఆ మనిషికి కావలసిన మందు మా పెట్టెలో ఉంది, ఆసుపత్రి మీ ఇంటికి 20 కిలోమీటర్లు. ఆ అరగంట మెదడుని ఎండబెట్టి తీసుకెళ్ళినా అక్కడ ఎక్కించేదీ అదే గ్లూకోజ్. కానీ అదే బృందం రోడ్డు ప్రమాదంలో దెబ్బ తిన్నవాడి దగ్గర పావుగంట ఆగి ఉంటే మీ మామయ్యగారి పక్కన నిలబడి నేనూ తిట్టేవాణ్ణి. ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఆగకూడదు అన్నది తేల్చుకోవడమే మా ఉద్యోగంలో సగం.

నేను 14 ఏళ్ళుగా 108లో ఈఎంటీని, అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్‌ని. ఎక్కువ కాలం పల్నాడు వైపు చేశాను, అంటే మిర్చి, పత్తి, పురుగుమందులు, పాములు, నేషనల్ హైవే. డాక్టర్‌ని కాదు. డిగ్రీ తర్వాత అత్యవసర వైద్యంలో శిక్షణ తీసుకున్నవాణ్ణి. ఏ ఇంజెక్షన్ ఎప్పుడు చేయాలో మాకు రాసిపెట్టిన పద్ధతి ఉంటుంది. దాన్ని దాటి ఏదైనా ఇవ్వాలంటే కాల్ సెంటర్‌లో 24 గంటలూ డాక్టర్ ఉంటారు, ఆయన్ని మేం ఈఆర్‌సీపీ అంటాం. మీ ఇంట్లో ఆ అబ్బాయి ఫోన్ చెవిన పెట్టుకుని ఎవరితోనో మాట్లాడాడని రాశారు చూడండి, అది సొంత కబుర్లు కాదు. దాదాపుగా ఆ డాక్టర్‌తోనే అయ్యుంటుంది.

ఇక వచ్చీరాగానే ఎలా తెలుస్తుంది అన్న ప్రశ్న. నిజం చెప్పాలంటే ఏ జబ్బో చాలాసార్లు మాకు తెలియదు. తెలుసుకోవాలని కూర్చోము కూడా. రాబోయే అరగంటలో ఈ మనిషిని ఏది తీసుకుపోగలదు అని మాత్రమే చూస్తాం. ఆ చూడటం గుమ్మం బయటే మొదలవుతుంది. ముందు మా సంగతి: కరెంటు తీగ తెగి ఉందా, గ్యాస్ వాసన వస్తోందా, తాగి గొడవ చేసేవాళ్ళున్నారా. కరెంటు షాక్ కొట్టినవాడి మీద చెయ్యి వేసి తనూ పడిపోయిన బంధువుని నేను చూశాను. ఆ రోజు నుంచి మా పైలట్ (డ్రైవర్‌ని మేం అలాగే పిలుస్తాం) మెయిన్ ఆఫ్ చేశారా అని అరిచి అడిగాకే నేను లోపల అడుగుపెడతాను.

తర్వాత మనిషి. పడుకున్నాడా, కూర్చున్నాడా? ఆయాసం ఉన్నవాడు పడుకోలేడు, మోకాళ్ళ మీద చేతులు ఆనించి ముందుకు వంగి కూర్చుంటాడు. ఒంటి రంగు ఎలా ఉంది? ఎక్కడైనా నెత్తురు కారుతోందా? నడుచుకుంటూ దగ్గరికి వెళ్తూనే "పేరేంటి బాబాయ్, ఏమైంది?" అని అడుగుతాను. ఆ ఒక్క ప్రశ్నకి ఆయన పూర్తి వాక్యంలో సరైన జవాబు చెప్పాడంటే గొంతు తెరిచే ఉంది, ఊపిరి ఆడుతోంది, మెదడుకి నెత్తురు అందుతోంది. ఒక్కో మాటకి ఆగి ఊపిరి తీసుకుంటే ఒక సంగతి. మాట ముద్దగా వస్తే ఇంకో సంగతి. జవాబే లేకపోతే భుజం తట్టడం, అప్పటికీ లేకపోతే నొప్పి కలిగేలా నొక్కి చూడటం. అదే సమయానికి నా వేళ్ళు మణికట్టు మీద ఉంటాయి. నాడి కొట్టుకుంటోందా, ఎంత వేగం, చెయ్యి వెచ్చగా ఉందా, చల్లగా చెమటతో తడిసిందా. మీకు మేం ఊరికే చెయ్యి పట్టుకుని పలకరిస్తున్నట్టు కనిపిస్తుంది. నిమిషం కూడా పట్టని ఈ పలకరింపులోనే సగం నిర్ణయం అయిపోతుంది. మిషన్లు ఆ తర్వాత. వేలికి పెట్టే ఆక్సిజన్ మిషన్ చల్లటి వేళ్ళ మీద, గోరింటాకు పెట్టుకున్న గోళ్ళ మీద ఒక్కోసారి తప్పు చూపిస్తుంది కాబట్టి దాన్ని చూసి మనిషిని అంచనా వేయకూడదని కొత్తగా చేరినవాళ్ళకి చెప్తుంటాను.

స్పృహ సరిగా లేని ప్రతి మనిషికీ షుగర్ చూడాలి. తాగి ఉన్నాడని ఊరంతా చెప్పినా సరే, ఫిట్స్ వచ్చాయన్నా సరే, పక్షవాతమని మీరు రాసిచ్చినా సరే. ఎందుకంటే షుగర్ బాగా పడిపోతే అచ్చం పక్షవాతంలాగే ఉంటుంది, ఒక పక్క చెయ్యి కాలు లేవకపోవడంతో సహా. మీ నాన్నగారికి ఎక్కించింది బహుశా 25 శాతం డెక్స్‌ట్రోజ్, 100 మిల్లీలీటర్లు. అంటే 25 గ్రాముల గ్లూకోజ్ నేరుగా నరంలోకి. ఐదు పది నిమిషాల్లో లేచి కూర్చుని కాఫీ అడిగారని రాశారు కదా, మా పనిలో ఇంత త్వరగా ఫలితం కనిపించేవి చాలా తక్కువ. నిజంగా పక్షవాతమే అయ్యుంటే వాళ్ళు ఒక్క నిమిషం కూడా అదనంగా ఆగి ఉండకూడదు. అందుకే ముందు వేలు గుచ్చారు.

ఒక్క మాట, మళ్ళీ ఇలా జరిగితే. మనిషి మెలకువగా ఉండి మింగగలిగితే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. మగతగా ఉంటే మాత్రం నోట్లో చుక్క పోయొద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పంచదార నీళ్ళు పోసి, అది కాస్తా గొంతుకు అడ్డం పడి, మేం వెళ్ళేసరికి షుగర్ సమస్యకి ఊపిరి సమస్య కూడా తోడైన ఇళ్ళు చూశాను.

ఇప్పుడు ఆగకూడని చోటు.

మిర్చి కోతల రోజుల్లో ఒక సాయంత్రం కూలీల ఆటో బోల్తా పడింది. మేం వెళ్ళేసరికి పదకొండు మంది రోడ్డు పక్కన చెల్లాచెదురుగా ఉన్నారు. ఒకావిడ మణికట్టు విరిగి గట్టిగా ఏడుస్తోంది, జనమంతా ఆవిడ చుట్టూ ఉన్నారు. ఇంకొకతనికి నుదురు చిట్లి ముఖమంతా నెత్తురు. నెత్తుటి ముఖం చూస్తే భయమేస్తుంది గానీ తల మీద చర్మం చిన్న గాయానికి కూడా బాగా కారుతుంది. నేను చింతచెట్టు కింద ఒక్కడే కూర్చున్న మనిషి దగ్గరికి వెళ్ళాను. "నాకేం కాలేదు సార్, వాళ్ళని చూడండి. కాసిని మంచినీళ్ళు ఇప్పించండి చాలు" అన్నాడు. నాడి 130, సన్నగా దారంలాగా ఉంది. చేతులు చల్లగా ఉన్నాయి. బీపీ మాత్రం 110, చూడటానికి బాగానే ఉంది. దెబ్బ తగిలినవాడు దాహం దాహం అంటుంటే, నాడి పరుగెడుతుంటే, లోపల ఎక్కడో నెత్తురు పోతోందని అనుమానించాలి. బీపీ పడిపోయేది ఆఖర్న, అప్పటికి చాలా నెత్తురు పోయి ఉంటుంది. ఎడమ డొక్క మీద చెయ్యి వేస్తే ముడుచుకున్నాడు. ముందు ఆయన్ని ఎక్కించాను. ఏడ్చేవాళ్ళని వదిలి కూర్చున్నవాడిని తీసుకుపోతున్నాడని జనం బండికి అడ్డం తిరిగారు. రెండో బండి వస్తోందని మా పైలట్ సర్దిచెప్పాడు. స్కానింగ్‌లో ప్లీహం (స్ప్లీన్) చిట్లి కడుపు నిండా నెత్తురని తేలింది. ఆ రాత్రే ఆపరేషన్ చేశారు, బతికాడు.

ఇలాంటి మనిషికి రోడ్డు మీద మేం చేయగలిగింది కొంచెమే. పైకి కారే నెత్తుటిని గట్టిగా నొక్కి ఆపడం, ఆగకపోతే పైన పట్టీ బిగించి ఎన్నింటికి బిగించామో రాయడం, గొంతులో అడ్డం లేకుండా చూడటం, ఆక్సిజన్, మెడ కదలకుండా ఎత్తడం. పది నిమిషాల్లో బండి కదలాలి. సెలైన్ అన్నది బండి నడుస్తుండగానే పెట్టాలి.

ఇది నాకు పుస్తకం నేర్పలేదు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, బైకు మీద నుంచి పడిన మనిషికి రోడ్డు పక్కనే సెలైన్ పెట్టాలని పట్టుబట్టాను. నెత్తురు పోయినవాడికి నరాలు దొరకవు. మూడుసార్లు గుచ్చాను, చుట్టూ జనం, నాకు టెన్షన్, చెమటలు. పన్నెండు నిమిషాలు పోయాయి. ఆసుపత్రిలో క్యాజువాలిటీ డాక్టర్ కాగితం మీద టైములు చూసి, "ఈయనకి కావాల్సింది నీ సెలైన్ కాదయ్యా, ఆపరేషన్ టేబుల్" అన్నారు. అంతే అన్నారు, ఇంకేం తిట్టలేదు. ఆ మనిషి దక్కలేదు. నా పన్నెండు నిమిషాల వల్లేనా అంటే ఎవరూ చెప్పలేరు. ఇప్పటికీ రోడ్డు కేసులో ఆగాల్సి వస్తే వాచీ చూసుకుంటాను.

గుండె నొప్పి ఈ రెండింటికీ మధ్య ఉంటుంది. మన దగ్గర గుండెపోటుకి ఇంకో పేరు గ్యాస్. సోడా తాగి, వాము నమిలి, వీపు మీద రుద్దించుకుని, రెండు గంటలు గడిచాక ఫోన్ చేస్తారు. ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు ఉండి, చెమటలు పడుతుంటే, ఎడమ చేతికో దవడకో నొప్పి పాకుతుంటే అది గుండే అనుకుని మొదలుపెడతాం. షుగర్ ఉన్నవాళ్ళకి, పెద్ద వయసు ఆడవాళ్ళకి నొప్పి లేకుండా ఉత్త ఆయాసం, నీరసం, వాంతితో కూడా గుండెపోటు వస్తుంది. ఇక్కడ మేం చేసేది: అలర్జీ, కడుపులో పుండు, నెత్తురు వాంతుల చరిత్ర లేవని అడిగి ఆస్పిరిన్ నమిలించడం, బండిలో ఈసీజీ మిషన్ ఉంటే తీసి డాక్టర్‌కి పంపించడం, గుండె లయ తప్పితే షాక్ ఇవ్వడానికి సిద్ధంగా ఉండటం. నడిపించి బండెక్కించం, మెట్లున్నా సరే కుర్చీలో మోస్తాం. గుండెలో గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇప్పుడు కొన్ని చిన్న ప్రభుత్వ ఆసుపత్రుల్లో కూడా ఇస్తున్నారు కాబట్టి దగ్గర్లో ఏ ఆసుపత్రికి వెళ్ళాలన్నది కూడా చికిత్సలో భాగమే. అన్నిటికంటే పెద్ద ఆసుపత్రే మంచిదని గంటన్నర దూరం తీసుకెళ్ళమని పట్టుబట్టేవాళ్ళతో మాకు రోజూ వాదనే.

నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్ర గురించి ఒక హెచ్చరిక. పక్కింటాయన దగ్గర ఉందని తెచ్చి పెట్టేస్తుంటారు. బీపీ తక్కువగా ఉన్నవాడికి అది పెడితే ఇంకా పడిపోతుంది. గుండె కుడి వైపు దెబ్బతిన్నవాళ్ళకి మరీ ప్రమాదం. బీపీ చూడకుండా పెట్టొద్దు.

పక్షవాతానికి మా దగ్గర మందు లేదు. మూతి వంకర, చెయ్యి జారిపోవడం, మాట తేడా, ఈ మూడిట్లో ఏ ఒక్కటి కొత్తగా కనిపించినా, షుగర్ బాగుంటే, బండి కదలాల్సిందే. గడ్డ కరిగించే మందు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి, అదీ సీటీ స్కాన్ తీసి మెదడులో నెత్తురు లేదని తేల్చుకున్నాకే. అందుకే మేం ఇంటివాళ్ళని ఒక ప్రశ్నతో విసిగిస్తాం: ఆఖరిసారి బాగా ఉండగా ఎన్ని గంటలకు చూశారు? "పొద్దున్న లేవగానే ఇలా ఉన్నాడు" అంటే గడియారం పొద్దున్న నుంచి మొదలవదు, రాత్రి పడుకున్నప్పటి నుంచి మొదలవుతుంది. ఆ టైము తెలిసిన మనిషి బండిలో రావాలి. చాలాసార్లు ఏమీ తెలియని బావమరిది ఎక్కుతాడు, రాత్రి పక్కన పడుకున్న భార్య ఇంట్లో ఉండిపోతుంది. బీపీ 200 ఉంది కదా అని వెంటనే తగ్గించే మాత్ర వేయడం కూడా ఇక్కడ కీడే చేస్తుంది.

మా ప్రాంతంలో చెప్పకుండా వదలలేనివి రెండున్నాయి.

మొదటిది పురుగుల మందు. ఇంట్లోకి అడుగుపెట్టగానే వాసన చెప్తుంది. కంటి పాప సూదిమొనంత, నోట్లో నురగ, ఒళ్ళంతా చెమట, లోదుస్తులు తడిసి ఉంటాయి, ఛాతీలో గురగుర. ఇది ఆర్గానోఫాస్ఫేట్ రకం. మనిషి తన ఊటలో తనే మునిగిపోతుంటాడు, ఊపిరి ఆగి చనిపోతాడు. ముందు గొంతులో నురగ పీల్చి తీయడం, ఆక్సిజన్, తర్వాత అట్రోపిన్ అనే విరుగుడు ఇంజెక్షన్. దీన్ని భయపడుతూ ఇస్తే పనిచేయదు. ఒక ఆంపుల్ 0.6 మిల్లీగ్రాములు. డాక్టర్‌ని లైన్‌లో పెట్టుకుని మూడు ఆంపుల్స్‌తో మొదలుపెడతాం, ఐదు నిమిషాలకి ఛాతీ విని, గురగుర తగ్గకపోతే రెట్టింపు. కంటి పాప పెద్దదయిందా, నాడి వేగం పెరిగిందా అన్నవి ఎలా ఉన్నా ఛాతీ పొడిగా అయిందా లేదా అన్నదే అసలు గుర్తు. బట్టలు తీసేసి ఒళ్ళు సబ్బునీళ్ళతో కడగాలి, ఎందుకంటే చర్మం గుండా ఇంకా లోపలికి పోతూనే ఉంటుంది. అది చేసేటప్పుడు మీరూ గ్లౌజులు వేసుకోవాలి.

ఇక్కడ ఇంటివాళ్ళు చేసే పొరపాటు కక్కించడం. ఉప్పునీళ్ళు, చింతపండు పులుసు, పేడ నీళ్ళు. స్పృహ తప్పుతున్నవాడు కక్కితే అది ఊపిరితిత్తుల్లోకే పోతుంది. మేం తీసుకెళ్ళినవాళ్ళలో కొందరు పురుగుల మందుని తట్టుకుని, పేడ నీళ్ళు తెచ్చిన న్యుమోనియాతో వెంటిలేటర్ మీద వారాలు గడిపారు. కక్కించకండి, డబ్బా మాత్రం తప్పకుండా తెండి. డబ్బా ఎందుకంటే అన్ని మందులూ ఒకటి కాదు. గడ్డి మందు పారాక్వాట్ అయితే విరుగుడే లేదు, పైగా అవసరం లేకుండా ఆక్సిజన్ పెడితే ఊపిరితిత్తులు ఇంకా త్వరగా పాడవుతాయి. అందరికీ చేసే మంచి పనే అక్కడ చెడుపు చేస్తుంది. డబ్బా మీద పేరు చదవడానికి పట్టే పది సెకన్లు ఏ మిషనూ ఇవ్వలేని సమాచారం ఇస్తాయి. ఇంకొకటి, ఆ మనిషి వింటుండగా "ఎందుకు తాగావురా, పరువు తీశావు" అని బండిలో తిట్టకండి. దారి పొడవునా మెలకువగా ఉంచడానికి నేను మాట్లాడిస్తుంటాను, మీరు పక్కనుంచి తిడుతుంటే వాడు నోరు మూసుకుంటాడు.

రెండోది కట్లపాము. నాగుపాము, రక్తపింజర కరిస్తే వాపు, నొప్పి ఉంటాయి, ఎవరికైనా తెలుస్తుంది. కట్లపాము అలా కాదు. రాత్రి నేల మీద పడుకున్నవాళ్ళని కరుస్తుంది, చీమ కుట్టినట్టు కూడా ఉండదు, గాటు కనిపించదు. వానాకాలంలో ఒక తెల్లవారుజామున పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి కడుపునొప్పి అని ఫోన్. రాత్రి నుంచి నొప్పే, దగ్గర్లో చూపిస్తే గ్యాస్ అని ఇంజెక్షన్ చేసి పంపించారు. కడుపు మెత్తగా ఉంది, జ్వరం లేదు. గొంతు పట్టేసినట్టుంది అన్నాడు. మాట్లాడుతుంటే కళ్ళు మూతలు పడుతున్నాయి. నిద్ర లేదు కదా అంది తల్లి. "పైకి చూడరా, నా వేలు చూడు, రెప్ప వాల్చకు" అన్నాను. ఎంత ప్రయత్నించినా రెప్పలు నిలబడలేదు. ఎక్కడ పడుకున్నాడమ్మా అంటే వసారాలో, చాప మీద.

ఆ మాట విన్నాక ఇంకేం చూడలేదు. నేను పనిచేసిన బండిలో పాము విరుగుడు ఉండదు, అది ఆసుపత్రిలోనే. ఈఆర్‌సీపీకి చెప్పాం, వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికి ముందే ఫోన్ వెళ్ళింది. దారిలో ఉమ్ము మింగలేకపోయాడు, ఊపిరి పైపైనే తీస్తున్నాడు. మాస్కు ముఖానికి అదిమి బ్యాగ్ నొక్కుతూ తీసుకెళ్ళాను, ఐదారు సెకన్లకొకసారి, సుమారు 25 నిమిషాలు. చేతులు పట్టేశాయి. వాడికి లోపల మెలకువ ఉంది, కండరాలే పనిచేయడం లేదు, అందుకని "నేను ఊపిరి పోస్తున్నాను, భయపడకు" అని చెప్తూనే ఉన్నాను. తర్వాత ఎప్పుడో కనపడి, అన్నా నువ్వు అన్నవన్నీ వినపడ్డాయి అన్నాడు.

చెప్పొచ్చేదేమిటంటే, వానాకాలంలో నేల మీద పడుకుని లేచినవాడికి కారణం తెలియని కడుపునొప్పి, గొంతునొప్పి వచ్చి, రెప్పలు వాలిపోతుంటే గాటు కోసం వెతుక్కోకండి. ఏ పాము కరిచినా తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం వద్దు. కాలో చెయ్యో కదలకుండా చెక్క కట్టి పడుకోబెట్టి తీసుకురండి. పామును చంపి సంచీలో వేసుకొచ్చే పని కూడా వద్దు. నాలుగు ముఖ్యమైన విషపాములకీ ఇక్కడ వాడే విరుగుడు ఒకటే.

ఫిట్స్ గురించి రెండు ముక్కలు: చేతిలో తాళాల గుత్తి పెట్టడం వల్ల లాభం లేదు, నష్టం కూడా లేదు. నోట్లో చెంచా పెట్టడం వల్ల మాత్రం పళ్ళు రాలతాయి. పక్కకి తిప్పి పడుకోబెట్టి టైము చూడండి, ఐదు నిమిషాలు దాటితే అది అత్యవసరం.

మీ మామయ్యగారి కోపానికి తిరిగి వస్తాను. ఆయన కోపంలో కొంత న్యాయం ఉంది. ఆ బృందం చేసింది సరైనదే గానీ, "పెద్దాయనకి షుగర్ పడిపోయింది, మందు ఇక్కడే ఉంది, పది నిమిషాలు ఆగుదాం" అని ఒక్క ముక్క చెప్పి ఉంటే గొడవే ఉండేది కాదు. మావాళ్ళు ఈ విషయంలో బాగా వెనకబడి ఉన్నారు, నేనూ మినహాయింపు కాదు. చేతులు పనిలో ఉన్నప్పుడు నోరు మూతపడుతుంది. ఇంకో సంగతి, అన్ని బండ్లూ, అందరు ఈఎంటీలూ ఒకేలా ఉండరు. స్ట్రిప్స్ అయిపోయిన గ్లూకోమీటర్, ఛార్జింగ్ లేని సక్షన్ మిషన్ నేనూ చూశాను. డ్యూటీ ఎక్కగానే చెక్ చేయాల్సినవి చెక్ చేయకపోతే అది మా తప్పే, దానికి ఫిర్యాదు చేయండి. ఆగినందుకు మాత్రం చేయకండి.

ఫోన్ చేసేటప్పుడు మీరు చేయగలిగేది కూడా ఉంది. "చాలా సీరియస్, త్వరగా రండి" అంటే మాకేమీ తెలియదు. మనిషి మాట్లాడుతున్నాడా, ఊపిరి తీస్తున్నాడా, ఇవి రెండూ ముందు చెప్పండి. ఊపిరి లేకపోతే మేం వచ్చేదాకా ఛాతీ మధ్యలో రెండు చేతులతో నొక్కుతూ ఉండాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదారు సెంటీమీటర్ల లోతు. పక్కటెముక విరుగుతుందేమోనని భయపడొద్దు. ఒకరిని వీధి చివర నిలబెట్టండి. పేషెంటు వాడే మాత్రలన్నీ ఒక కవర్లో వేసి ఉంచండి.

మాత్రలంటే గుర్తొచ్చింది, మీరు అడగలేదు గానీ మీ ప్రశ్నలో నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టిన వాక్యం ఆఖరిది. నాన్నగారు బాగానే ఉన్నానని ఆసుపత్రికి రానన్నారు, మీరు సంతకం పెట్టి బండిని పంపించేశారు. అక్కడే ప్రమాదం జరిగి ఉండేది. ఆయన షుగర్‌కి గ్లిమెపిరైడ్ మాత్ర వాడుతున్నారని రాశారు. అది, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు ఒంట్లో చాలా గంటలు పనిచేస్తూనే ఉంటాయి. మేం ఎక్కించిన గ్లూకోజ్ గంటలో ఖర్చయిపోతుంది, మాత్ర ఇంకా లోపలే ఉంటుంది, షుగర్ మళ్ళీ పడిపోతుంది. ఈసారి రాత్రి నిద్రలో పడితే ఎవరూ చూడరు. ఇలా లేచి కూర్చుని మమ్మల్ని పంపించేసి, సాయంత్రానికి మళ్ళీ అదే ఇంటికి పిలిపించినవాళ్ళు నాకు ఒకరిద్దరు కాదు. మీ నాన్నగారికి ఏమీ కాలేదు, సంతోషం. కానీ మాత్రల వల్ల షుగర్ పడినవాళ్ళని కనీసం ఒక రోజు ఆసుపత్రిలో ఉంచి గంటగంటకీ చూడాలి.

ఎందుకు పడిందో కూడా కనుక్కోండి. ముందురోజు ఏకాదశి అని భోజనం మానేసి మాత్ర మాత్రం వేసుకున్నారా? ఈ మధ్య మాత్ర పవర్ పెంచారా? ఈ రెండూ కాకపోతే కిడ్నీ పరీక్ష, అంటే క్రియాటినిన్, చేయించండి. కిడ్నీ మందగించినప్పుడు అదే పాత డోసు ఒంట్లో పేరుకుపోయి ఇలా చేస్తుంది. డాక్టర్‌ని కలిసేదాకా ఆ మాత్ర వేయాలా వద్దా అన్నది మీ అంతట మీరు నిర్ణయించుకోకుండా ఈ రోజే ఫోన్ చేసి అడగండి. ఆ బృందం వెళ్ళేటప్పుడు రాసిచ్చిన కాగితం ఇంట్లో ఉంటే వెతికి పట్టుకోండి. షుగర్ ఎంత ఉంది, ఎన్నింటికి ఏది ఎంత ఎక్కించారు, తర్వాత ఎంతకు పెరిగింది, అన్నీ అందులో ఉంటాయి. డాక్టర్ ముందు కూర్చోగానే ముందు అదే చూపించండి.